ఆలస్యంగా తేలిన నీలం

పదో తరగతి, ఇంటర్ చదివే పిల్లల్ని సెలవుల్లో పరాయి దేశపు ఆసుపత్రులకు తీసుకెళ్లి, కొన్నాళ్లు డాక్టర్ల వెంట తిప్పి చూపించే ఏర్పాట్లు ఇప్పుడు చాలా దేశాల్లో ఉన్నాయి. డాక్టరో నర్సో కావాలనుకునే పిల్లలకు ఆ పని లోపలినుంచి ఎలా ఉంటుందో ముందే తెలియాలన్నది వాటి ఉద్దేశం. మంచి ఉద్దేశమే. అయితే ఖర్చు ఎక్కువ, వ్యవధి తక్కువ. ఆ వయసు పిల్లలు రోగి ఒంటిమీద చెయ్యి వెయ్యడానికి వీల్లేదు, వెయ్యకూడదు కూడా. వాళ్లకు మిగిలేది చూడటం ఒక్కటే. దేన్ని చూడాలో తెలియకుండా వెళ్తే ఆ చూపు వార్డులు, యంత్రాలు, తెల్లకోట్ల దగ్గరే ఆగిపోతుంది.

2022లో కోనసీమ జిల్లా ఏర్పడినప్పుడు తూర్పుగోదావరి నుంచి అందులోకి వచ్చిన రాయవరం మండలంలోనూ బైపీసీ చదివే పిల్లలున్నారు, నీట్ రాసేవాళ్లున్నారు. వాళ్లలో చాలామందికి సముద్రాలు దాటే సెలవుల చదువు అందేది కాదు. అందినా అందకపోయినా, వైద్యంలో విదేశానుభవం అంటే ఏమిటో ఒక గోదావరి మనిషి చేసిన పనిలో చూడొచ్చు. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన జీవితకథ చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆయన పనితనాన్ని, చేతిలో గాజుగొట్టం పట్టుకుని ఆయన ఏం చేశారన్నదాన్ని, దగ్గరగా చూపించినవాళ్లు తక్కువ. నాకు చెప్పాలని ఉన్నది అదే.

జీవితం ఎంత అవసరమో అంతే చెబుతాను. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. రాజమండ్రిలో చదివారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో, మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు శస్త్రచికిత్స ఆచార్యుడి ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. రావలసిన చోట దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటికొచ్చారు. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో రోజుల తేడాతో పోయారు. అదే జబ్బు తనకూ వస్తే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో కోలుకుని, ఆ తర్వాత మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రం చెప్పారు. 1923 అక్టోబరులో బోస్టన్‌లో దిగి హార్వర్డ్ ఉష్ణమండల వైద్య పాఠశాలలో చేరారు. దారిఖర్చుకు మామగారు డబ్బు కూడగట్టారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామని మాట ఇచ్చింది. నాయకర్ గారు రంగూన్‌లో సంపాదించిన సొమ్మును చదువులకు రాసిచ్చిన మనిషి. రాయవరం వాళ్లు పెద్ద పనులకు వెళ్లే కాకినాడ నుంచే ఆ మాట వెళ్లింది. బోస్టన్ వెళ్లాక పొట్టకూటి కోసం ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా రోగుల మలమూత్రాల పాత్రలు మోశారు. చదువు పగలు, ఆ పని రాత్రి.

ఇక పని దగ్గరికి వద్దాం.

ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా అయ్యాక ఆయన అదే విశ్వవిద్యాలయంలో జీవరసాయన శాఖలో చేరారు. శాఖకు పెద్ద ఆటో ఫోలిన్. రక్తంలో ఉండే పదార్థాలను రంగుల సాయంతో కొలవడంలో ఆనాటికి ఆయన్ను మించినవాళ్లు లేరు. సుబ్బారావు పనిచేసింది సైరస్ ఫిస్క్ దగ్గర. ఫిస్క్ ఇచ్చిన పని వినడానికి చిన్నది: రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతిని మెరుగుపరచడం. ఎముకల జబ్బుల్లో, మూత్రపిండాల జబ్బుల్లో భాస్వరం లెక్క తెలియాలి. తెలుసుకునే దారులు అప్పటికే ఉన్నాయి గానీ నమ్మదగ్గవి కావు. ఒక పద్ధతిలో వచ్చిన రంగు చూస్తుండగానే వెలిసిపోయేది. ఇంకో పద్ధతిలో రంగు నిలిచేది గానీ రావడానికి చాలాసేపు పట్టేది.

ఈ పని మన ఇంటర్ పిల్లలకు పరాయిది కాదు. రసాయనశాస్త్రం ప్రాక్టికల్స్‌లో లవణ విశ్లేషణ చేసినవాళ్లకు ఫాస్ఫేటు పరీక్ష తెలుసు. నత్రికామ్లం వేసి, అమ్మోనియం మాలిబ్డేట్ కలిపి వేడిచేస్తే పసుపుపచ్చని అవక్షేపం వస్తుంది. 'ఫాస్ఫేటు ఉంది' అని రికార్డులో రాసి ముందుకెళ్తారు. ఫిస్క్, సుబ్బారావుల పద్ధతి మొదలయ్యేది కూడా ఈ మాలిబ్డేట్ దగ్గరే. అయితే ఉందా లేదా అన్నది వాళ్ల ప్రశ్న కాదు. ఎంత ఉంది అన్నది ప్రశ్న. అదీ రక్తంలో, మిల్లీగ్రాములో చిన్న భాగం ఉన్నచోట, అవక్షేపమన్నది కంటికే ఆననిచోట.

పద్ధతిని అడుగడుగునా చూద్దాం. ముందు రక్తంలో ట్రైక్లోరో ఎసిటిక్ ఆమ్లం పోస్తారు. మాంసకృత్తులన్నీ విరిగి ముద్దకడతాయి. వడకడితే తేటనీరు దిగుతుంది, భాస్వరం అందులో ఉంటుంది. దానికి గంధకామ్లంలో కరిగించిన మాలిబ్డేట్ కలుపుతారు. భాస్వరమూ మాలిబ్డేటూ జతకడతాయి. ఇప్పుడు ఆ జతను క్షయకరణం చేసే పదార్థం వెయ్యాలి. వేస్తే నీలం తేలుతుంది. భాస్వరం ఎక్కువుంటే ముదురు నీలం, తక్కువుంటే లేత నీలం.

చిక్కంతా ఆ క్షయకరణం దగ్గరే. వేసే పదార్థం బలంగా ఉంటే, భాస్వరంతో కలవకుండా మిగిలిపోయిన మాలిబ్డేట్‌ను కూడా నీలంగా మార్చేస్తుంది. అప్పుడు కొలత అబద్ధం చెబుతుంది. బలహీనంగా ఉంటే రంగు రావడానికి అరగంట పడుతుంది, ఈలోపు ఏమైనా జరగొచ్చు. ఆమ్లం పాళ్లు తగ్గితే ఒక రకం తప్పు, పెరిగితే ఇంకో రకం. వాళ్లు ఎంచుకున్నది అమైనో నాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం. జతకట్టిన మాలిబ్డేట్‌ను చకచకా నీలం చేస్తుంది, విడిగా ఉన్నదాని జోలికి పోదు. నిమిషాల్లో రంగు నిలకడకు వస్తుంది. ఆమ్లం ఎంత ఉంటే ఈ తేడా చెక్కుచెదరదో ఆ పాళ్లు కట్టారు. రక్తంలోనూ మూత్రంలోనూ ఉండే ఇతర లవణాలు ఏవి ఎంతవరకు ఉన్నా లెక్క చెడదో చూశారు. నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఈ భాగం. కొత్త రసాయనం దొరకడం ఒక ఎత్తు. దాన్ని ఎవరి చేతికిచ్చినా, ఏ ఊరి ప్రయోగశాలలో చేసినా ఒకే లెక్క వచ్చేంతవరకు చుట్టూ ఉన్న తప్పుల దారులన్నీ ఒక్కొక్కటే మూసెయ్యడం ఇంకో ఎత్తు.

రంగును కొలిచింది కంటితోనే. ఆనాటి కలరీమీటర్‌లో రెండు గాజు గిన్నెలుండేవి. ఒకదాంట్లో లెక్క తెలిసిన ద్రావణం, రెండోదాంట్లో పరీక్షించేది. పైన కన్ను పెట్టి చూస్తే గుండ్రటి వెలుగు రెండు సగాలుగా కనబడుతుంది. ఒక గిన్నెను పైకీ కిందికీ తిప్పుతూ, రెండు సగాల మధ్య గీత చెరిగిపోయి ఒకే నీలమయ్యేచోట ఆపాలి. ఎంత లోతులో ఆగిందో చదివితే లెక్క వస్తుంది. కన్ను అలిసినా, మనసు చెదిరినా అంకె మారిపోతుంది. రాత్రంతా ఆసుపత్రిలో పనిచేసిన మనిషి ఆ గిన్నెల మీద కన్ను నిలిపారు.

ఈ పద్ధతి 1925లో అచ్చయింది. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అన్న పేరుతో ప్రపంచమంతా ప్రయోగశాలల్లో దశాబ్దాలపాటు నడిచింది. జీవరసాయన పుస్తకాల్లో ఇప్పటికీ ఆ పేరుంది. ఒక తెలుగు పేరు కోట్ల పరీక్షల మీదుగా అలా సాగిపోయింది.

ఇంతవరకే అయితే ఆయన నిపుణుడైన కొలతగాడు. అసలు సంగతి దీని తర్వాత జరిగింది.

రక్తానికి బాగా కుదిరిన పద్ధతిని కండ మీద ప్రయోగించారు. పిల్లి కండను ఆమ్లంలో నూరి, వడకట్టి, మాలిబ్డేట్ పోసి, క్షయకరణ ద్రావణం వేసి చూశారు. రంగు వచ్చింది. అయితే రావలసిన వేళకు పూర్తిగా రాలేదు. మామూలు ఫాస్ఫేటు అయితే నిమిషాల్లో నీలం నిలకడకు వచ్చేది. కండనీటిలో మొదట లేతగా వచ్చి, ఆ తర్వాత చాలాసేపు మెల్లగా ముదురుతూ పోయింది.

ఇక్కడ చాలామంది ఏం చేస్తారో ఊహించడం కష్టం కాదు. కండలో ఉన్న ఏదో పదార్థం రంగును అడ్డుకుంటోంది అనుకుంటారు. ఇంకాసేపు ఆగి, చివరి రంగు చూసుకుని, ఆ అంకె రాసుకుంటారు. తమ పద్ధతి ఎంత కచ్చితమైనదో వాళ్లిద్దరికీ తెలుసు. ఎందుకంటే తప్పుల దారులన్నీ మూసింది వాళ్లే. కాబట్టి ఈ ఆలస్యం పద్ధతిలో లోపం కాజాలదు, కండలోంచి వస్తున్న కబురు కావాలి. ఆ నమ్మకంతో ఆలస్యాన్నే కొలవడం మొదలుపెట్టారు. ఏ నిమిషానికి ఎంత నీలం అన్నది లెక్కకట్టారు.

తేలింది ఇది. కండలో ఉన్న భాస్వరంలో చాలా భాగం విడిగా లేదు. ఇంకొకదానితో కట్టుబడి ఉంది. ఆ కట్టు చాలా సున్నితమైనది, పరీక్ష కోసం పోసిన ఆమ్లమే, మాలిబ్డేటే దాన్ని మెల్లగా తెంచుతోంది. తెగిన కొద్దీ భాస్వరం బయటపడుతోంది, బయటపడిన కొద్దీ నీలం ముదురుతోంది. అప్పటిదాకా కండను పరీక్షించినవాళ్లు ఈ కట్టును తెలియకుండా తెంచేసి, కండలో విడి ఫాస్ఫేటు బోలెడుందని రాసుకుంటూ వచ్చారు. కట్టుబడి ఉన్న రెండో పదార్థం క్రియాటిన్ అనీ, ఒక పాలు క్రియాటిన్‌కు ఒక పాలు భాస్వరం చొప్పున ఉన్నాయనీ తేల్చారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో 'సైన్స్' పత్రికలో ప్రకటించారు. అదే ఏడాది ఇంగ్లండులో ఎగ్లటన్ దంపతులు కూడా కండలో ఇలాంటి పదార్థముందని విడిగా కనిపెట్టారు. అది క్రియాటిన్‌తో కట్టుబడిన భాస్వరమని తేల్చినది బోస్టన్ జంట.

తర్వాతి అడుగు ఇంకా అందమైనది. కండకు విద్యుత్తు తగిలించి పనిచేయించి కొలిచారు. ఫాస్ఫోక్రియాటిన్ తగ్గిపోయింది. విశ్రాంతినిచ్చి కొలిచారు. మళ్లీ పెరిగింది. కండ పనిచేసేటప్పుడు ఖర్చయ్యేదీ, ఆగినప్పుడు కూడుకునేదీ దొరికింది. అప్పటికి శాస్త్రలోకం, ల్యాక్టిక్ ఆమ్లం తయారవడమే కండకు బలాన్నిస్తుందన్న లెక్కలో ఉంది. కండ మీద పరిశోధనకే హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ బహుమతి దక్కింది. ఫాస్ఫోక్రియాటిన్ ఆ లెక్కను కదిలించింది. 1930లో డెన్మార్క్ శాస్త్రవేత్త లుండ్స్‌గార్డ్, ల్యాక్టిక్ ఆమ్లం అసలు తయారు కాకుండా చేసినా కండ ముడుచుకుంటుందనీ, అప్పుడు ఖర్చయ్యేది ఫాస్ఫోక్రియాటినేననీ చూపించాక అది పూర్తిగా మారిపోయింది. 1929లో ఫిస్క్, సుబ్బారావులు అదే కండలోంచి ఏటీపీని కూడా వేరుచేశారు. అదే ఏడు కొంచెం ముందుగా జర్మనీలో లోమాన్ దాన్ని ప్రకటించారు. ఇవాళ జంతుశాస్త్రం పాఠంలో ఏటీపీని కణానికి శక్తినిచ్చేదిగా బట్టీపట్టే ప్రతి పిల్లా పిల్లాడూ ఆ నీలం ముందు నిలబడ్డవాళ్లే.

విదేశానుభవం అన్నప్పుడు నా మనసులో ఉన్నది ఇదే. హార్వర్డ్ ఆయనకు పేరు ఇవ్వలేదు. పీహెచ్‌డీ వచ్చినా స్థిరమైన ఆచార్య పదవి దక్కలేదు. హార్వర్డ్ ఇచ్చింది ఫోలిన్ శాఖలోని ఒక అలవాటు: ముందు కొలత కుదరాలి, కుదిరిన కొలత చెప్పింది నమ్మాలి. ఆ అలవాటును ఆయన 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌కు, లెడర్లీ ప్రయోగశాలలకు వెంటబెట్టుకెళ్లారు. అక్కడ పరిశోధన విభాగానికి పెద్ద అయ్యారు.

అక్కడి పనుల్లో ఫోలిక్ ఆమ్లం మొదటిది. గర్భిణుల్లో వచ్చే ఒకరకం తీవ్ర రక్తహీనత ఈస్ట్ సారంతో నయమవుతుందని లూసీ విల్స్ అనే ఆంగ్లేయ వైద్యురాలు బొంబాయిలో పనిచేస్తూ 1931లో రాశారు. ఆ సారంలో ఏముందో అప్పుడు తెలియదు. 1941లో టెక్సస్ శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూర నుంచి దాన్ని అతికొద్దిగా రాబట్టారు. లెడర్లీలో దాన్ని శుద్ధిచేసి, నిర్మాణం తేల్చి, 1945లో ప్రయోగశాలలోనే తయారుచేశారు. ఇక్కడా ముందు నడిచింది కొలతే. అతికొద్దిగా దొరికే ఈ పదార్థాన్ని కొలవడానికి బ్యాక్టీరియాను వాడారు. అది ఫోలిక్ ఆమ్లం లేనిదే పెరగదు. నీరు ఎంత మసకబారితే అంత పెరిగినట్టు, అంత ఫోలిక్ ఆమ్లం ఉన్నట్టు. స్ప్రూ జబ్బుకూ ఈ మందు పనిచేసింది. అన్నదమ్ములిద్దర్ని తీసుకుపోయిన జబ్బది. 1945 నాటి ఆ పత్రంలో పదహారు పేర్లున్నాయి, సుబ్బారావు పేరు వాటి మధ్యలో ఒకటి. మన బడుల్లో పిల్లలకు వారానికొకసారి ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్రలో 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటుంది.

నిర్మాణం తెలిశాక దాన్ని మార్చి చూడొచ్చు. బోస్టన్‌లో పిల్లల వైద్యశాలలో సిడ్నీ ఫార్బర్‌కు ఒక అనుమానం కలిగింది. ఫోలిక్ ఆమ్లం జాతి మందులు రక్తక్యాన్సరును పెంచుతున్నట్టున్నాయి, మరి దానికి విరోధి ఉంటే తగ్గుతుందా? సుబ్బారావు బృందంలోని రసాయనవేత్తలు ఫోలిక్ ఆమ్లపు అణువులో ఒకచోట ఉన్న హైడ్రాక్సిల్ తీసేసి అమైనో గుంపు పెట్టారు. అంతే మార్పు. కణం దాన్ని ఫోలిక్ ఆమ్లమనుకుని పట్టుకుంటుంది, పట్టుకున్నాక పని ఆగిపోతుంది. అదే అమైనోప్టెరిన్. ఫార్బర్ దాన్ని పిల్లలకు ఇచ్చి, 1948 జూన్‌లో ప్రకటించారు. పదహారుగురిలో పదిమందికి తాత్కాలికంగానైనా జబ్బు తగ్గుముఖం పట్టింది. అప్పటిదాకా ఆ జబ్బు వచ్చిన పిల్లలకు ఇవ్వడానికి మందంటూ ఏమీ లేదు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ను ఇవాళ పిల్లల రక్తక్యాన్సర్‌కూ, కీళ్లవాతానికీ వాడుతున్నారు.

మూడోది మన నేలకు దగ్గరిది. బోదకాలు గోదావరి డెల్టాలో పాతకాలపు బాధ. కాలవలు, మురుగు, క్యూలెక్స్ దోమలు, దోమ కుట్టుతో ఒంట్లో చేరే ఫైలేరియా పురుగులు. రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవుల్లో అమెరికా సైనికులకు ఈ జబ్బు సోకడంతో మందు వెతకడం అత్యవసరమైంది. అప్పటికున్నవి ఆంటిమొనీ, ఆర్సెనిక్ సూదిమందులు, జబ్బుతో సమానంగా బాధపెట్టేవి. లెడర్లీలో సహజంగా ఫైలేరియా ఉండే ఒక జాతి ఎలుకల మీద రసాయనాలను వరసగా పరీక్షించారు. మళ్లీ కొలతే, మందు ఇవ్వకముందు రక్తంలో ఎన్ని పిల్లపురుగులు, ఇచ్చాక ఎన్ని అని. 1947లో హెట్రజాన్ వెలువడింది. అసలు పేరు డైఇథైల్‌కార్బమజీన్, మన ఆరోగ్య కార్యకర్తలు డీఈసీ అంటారు. నోటితో మింగే మాత్ర. చైనా దీన్ని ఉప్పులో కలిపి ప్రజలకు పెట్టి జబ్బును తరిమేసింది. మన పల్లెల్లో ఇంటింటికీ తిరిగి, ఎదురుగా మింగించి వెళ్తారు. రెండేళ్ల లోపు పిల్లలకూ గర్భిణులకూ ఇవ్వరు. ఇప్పటికే వాచిన కాలిని ఈ మాత్ర మామూలు చేయలేదు. రక్తంలోని పిల్లపురుగులను చంపి, ఇంకొకరికి చేరకుండా ఆపుతుంది. ఆ తేడా ఊళ్లో చాలామందికి తెలియదు. డాక్టరు కావాలనుకునే పిల్లలు తమ ఇంట్లోవాళ్లకు చెప్పగలిగిన మొదటి వైద్యవిషయం అదే కావచ్చు.

ఫైలేరియా పరీక్షకు రక్తం రాత్రిపూట తీస్తారు. పిల్లపురుగులు పగలు లోపలి రక్తనాళాల్లో దాగి, రాత్రయ్యాక పై రక్తంలోకి వస్తాయి, దోమ కుట్టే వేళకు. ఇంటర్ పిల్లలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం సిబ్బంది అనుమతితో, పెద్దల తోడుతో అలాంటి రాత్రి సర్వే వెంట వెళ్లి చూడగలిగితే, పరాయి దేశపు ఆసుపత్రి వరండాలో గడిపిన వారంకంటే ఎక్కువ నేర్చుకుంటారని నేను నిజంగా నమ్ముతాను. గాజుపలక మీద చుక్క ఎంత ఉండాలి, ఎలా పూయాలి, ఎంతసేపు ఆరాలి, సూక్ష్మదర్శినిలో దేన్ని లెక్కపెట్టాలి. సుబ్బారావు పనంతా అలాంటి ప్రశ్నలతోనే నడిచింది. 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో ఆయన పోయేనాటికి ఫార్బర్ పత్రం అచ్చయి రెండు నెలలు.

రాయవరం చుట్టుపక్కల కాలేజీల రసాయన అధ్యాపకులకు ఒక విన్నపం. లవణ విశ్లేషణలో ఫాస్ఫేటు పరీక్ష పసుపు దగ్గర ఆపకండి. పల్చని గంధకామ్లంలో మాలిబ్డేట్, క్షయకరణానికి యాస్కార్బిక్ ఆమ్లం, రవ్వంత ఆంటిమొనీ లవణం ఉంటే నీలం వస్తుంది. మన భూసార పరీక్షల్లో పొలం మట్టి భాస్వరాన్ని కొలిచేది కూడా ఈ నీలంతోనే. పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేటుతో లెక్క తెలిసిన అయిదారు గొట్టాలు వరసగా, లేతనుంచి ముదురుదాకా, తెల్ల కాగితం ముందు నిలబెట్టించండి. డీఏపీ చల్లిన చేనునుంచి దిగే నీరు, చేపలచెరువు నీరు, బోరునీరు పిల్లలచేతే తెప్పించండి. గంధకామ్లం, ఆంటిమొనీ మీ చేతిమీదుగానే వెయ్యండి. రికార్డులో ఏ నీరు ఏ గొట్టానికి సరిపోయిందన్న గడితోపాటు, ఎన్ని నిమిషాలకు సరిపోయిందన్న గడి కూడా గీయించండి.